దేవర పెట్టెకు ఒక గది

మా కోవిల్‌పట్టి ఇల్లు ఎంత ఉండేదో చెప్పాలంటే మేము పడుకునే తీరు చెప్పాలి. నాయన తల గోడకు ఆనిస్తే కాళ్లు గడప దాటేవి. ఆయన పక్కన అమ్మ, అమ్మ పక్కన నేను, పొయ్యి దగ్గర మా అవ్వ, అంటే నాయన తల్లి. నా తర్వాత పుట్టిన ఇద్దరూ నిలవలేదు. నిలిచి ఉంటే వాళ్లను ఎక్కడ పడుకోబెట్టేవాళ్లో అని చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

వరసగా ఆరు ఇళ్లు, ఆరింటికీ కలిపి ఒకటే పెంకుల కప్పు. ఒక్కో ఇంటికి ఒక్కటే గది. వంట అందులోనే, నిద్ర అందులోనే, అగ్గిపెట్టెల పనీ అందులోనే. నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మూటలు మోసేవాడు. అమ్మా అవ్వా ఇంట్లో కూర్చుని ఖాళీ పెట్టెలు అతికించేవాళ్లు. మైదాలో మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు వాసన మా బట్టలకూ జుట్టుకూ పట్టేసి, ఎంత రుద్దినా వదిలేది కాదు. అతికించిన పెట్టెలు ఆరేదాకా నేలంతా వాటిదే. మేము గోడ వారగా, అడుగు ముందు అడుగు వేసుకుంటూ నడిచేవాళ్లం. పది పన్నెండు రోజులకొకసారి కుళాయి వచ్చేది. అప్పుడు పట్టిన బిందెలూ డ్రమ్మూ కూడా ఆ గదిలోకే రావాలి.

ఇప్పుడు చిన్న ఇంట్లో, కొద్ది సామానుతో బతకడం మనసుకు హాయి అని చెప్పేవాళ్లు కనిపిస్తున్నారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మాకూ ఉన్నది కొద్ది సామానే. అలా ఉండాలని మాలో ఎవరూ కోరుకోలేదు, అంతే తేడా.

ఆ గదిలో ఒక్క చోటు మాత్రం ఎప్పుడూ ఖాళీగా, శుభ్రంగా ఉండేది. తూర్పు గోడకు కొట్టిన చెక్క పలక అది. దాని మీద దేవర పెట్టె. వెదురుతో అల్లిన మూత పెట్టె, లోపల ఒక పాత చీర, పసుపుకొమ్ము కట్టిన తాడు, రెండు గాజులు. మా వంశంలో ఎప్పుడో చిన్న వయసులోనే చనిపోయిన ఒక ఇల్లాలివి అవి. ఆమే మా ఇంటి దేవత. పల్లె వదిలి కోవిల్‌పట్టికి వచ్చినప్పుడు అవ్వ వేరే మూట ఏదీ ముట్టకుండా ఆ పెట్టె ఒక్కటే నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చిందట. ముట్టయిన ఆడది ఆ పెట్టె ఉన్న ఇంట్లో ఉండకూడదు. పల్లెలో అయితే దానికి ఊరి చివర ఒక గుడిసె ఉండేది. పెట్టెను తెచ్చారు కానీ గుడిసెను తేలేదు కదా.

అందుకని ఇంటి వెనక సందు దొరికింది. మా గోడకూ ప్రహరీకీ మధ్య చెయ్యి చాపితే తగిలేంత వెడల్పు, పైన ఒక రేకు, ఒక పక్క కట్టెలు, ఇంకో పక్క స్నానాల నీళ్లు పోయే కాలువ. మేము దూరం అనే ఆ మూడు రోజులూ అమ్మ అక్కడే ఉండేది. నేను పెద్దదాన్నయిన నెల నుంచి నా మూడు రోజులూ అక్కడే. ఫ్యాక్టరీ పనికి మాత్రం ముట్టు లేదు. జిగురు గిన్నె, అట్టముక్కలు సందులోకి వచ్చేవి. నేను అతికించిన పెట్టెలు సాయంత్రానికి ఇంట్లోకి పోయేవి.

"నేను చేసిన పెట్టె లోపలికి వస్తాది, నేను రాకూడదా అవ్వా?" అని ఒకసారి అడిగాను.

"అది యాపారం, ఇది సామి," అంది అవ్వ. ఆమెకు అందులో తప్పేమీ కనిపించలేదు.

పెట్టెలో ఉన్నది కూడా ఆడదాని చీరే కదా అనబోయి ఊరుకున్నాను. నాకు నోరెక్కువ అన్న పేరు అప్పటికే వచ్చింది.

తొంభైల నడుమ నేను పదో తరగతిలో ఉన్నాను. ఊరు తమిళనాడుది కాబట్టి బడిలో తమిళం, ఇంట్లో మా తెలుగు. పది పాసైతే నర్సు చదువుకు పంపుతానని నాయన అన్నాడు. నర్సు అంటే నాకు తెలిసింది ఒక్కటే, తెల్లబట్టలు వేసుకుంటారు, జిగురు వాసన కొట్టరు. ఆ పరీక్ష పాసవడం తప్ప నాకు ఇంకో దారి లేదని నాకు బాగా తెలుసు.

పుస్తకాలు నేల మీద ఉంచితే తడి తగిలేది, జిగురు అంటేది, బొద్దింకలు కొరికేవి. అందుకని వాటిని తీసుకెళ్లి దేవర పెట్టె పక్కన పలక మీద పెట్టాను. పెట్టింది నేనే. ఎవరూ చెప్పలేదు. అవ్వ మురిసిపోయింది. "సామి పక్కన ఉండాది, చదువు దండిగా వస్తాది," అంది. ఇంట్లో తడి తగలని చోటు అదొక్కటే కాబట్టి నేనూ మంచి పని చేశాననే అనుకున్నాను.

లెక్కల పరీక్ష రెండు రోజులుందనగా నేను బయట చేరాను.

సందులో కూర్చున్నాక గానీ పుస్తకాలు గుర్తుకు రాలేదు. వెనక కిటికీ దగ్గర నిలబడి అమ్మను పిలిచాను. లెక్కల పుస్తకం, నోటుబుక్కు అందించమన్నాను. ఆ రోజే కుళాయి వచ్చింది. నేల మీద బిందెలు, బిందెల మధ్య ఆరని పెట్టెలు. అమ్మ చేతులకు మోచేతి దాకా జిగురు. ఆమె నా వంక చూసి, అవ్వ వంక చూసింది.

"సామి పక్కన ఉన్నది దూరమైన చేతికి ఇచ్చేదా?" అంది అవ్వ. "ఇస్తే మళ్లీ యాడ పెడతావు?"

అది నిజమే. నా చేయి తగిలిన పుస్తకం మళ్లీ పలకెక్కదు, పలక తప్ప ఇంట్లో ఇంకో చోటు లేదు. కానీ నాకు కావలసింది చోటు కాదు, పుస్తకం. ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

"మూడు దినాలు కదా పాపా, అంతలో మరిచిపోతావా?" అంది అమ్మ. అని మళ్లీ జిగురు గిన్నె ముందు కూర్చుంది.

నేను సందు గోడ మీద బొగ్గుతో గుర్తున్న లెక్కలు వేశాను. గుర్తులేనివి గుర్తులేవు. పరీక్షకు వెళ్లడానికి ఏ అడ్డూ లేదు, తలకు పోసుకుని సందులోంచి అటునుంచటే బడికి వెళ్లాను. తప్పింది లెక్కలు ఒక్కటే. పుస్తకం ఇచ్చి ఉంటే పాసయ్యేదాన్నని నేను ప్రమాణం చేయలేను. ఇవ్వలేదన్న మాట మాత్రం నిజం, దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మళ్లీ రాయొచ్చు అన్నారు అందరూ. మళ్లీ రాసేదాకా ఊరికే కూర్చోవడమెందుకని అమ్మ జిగురు గిన్నె నా ముందుకు జరిపింది. ఆ గిన్నె ముందు నుంచి నేను లేవలేదు.

ఆ తర్వాతి నెల నేను సందులో ఉన్నప్పుడు నాయన టీ తెచ్చి సందు మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. పరీక్ష ఊసెత్తలేదు. "ఇల్లు కడతాను పాపా," అన్నాడు. "రెండు రూములు. ఒకటి నీకు. నడుమ గోడ ఉంటాది, ఆ మూడు దినాలూ తలుపేసుకొని నువ్వు ఆడనే ఉండొచ్చు. నిన్ను ఇంక సందులో కూచోబెట్టను."

ఆ మాట పట్టుకుని నేను ఏళ్ల తరబడి పెట్టెలు అతికించాను. వచ్చిందంతా ఆ ఇంటికే అన్నాను, ఒక మంచి చీర కూడా అడగలేదు.

ఆ మధ్యలో అవ్వ పోయింది. దినాలు అయ్యాక అమ్మ పలక తుడిచి, దేవర పెట్టెను మళ్లీ అదే చోట పెట్టింది. ఆ నెల నేను గడప దగ్గర ఆగి, "ఇన్నాళ్లూ ఈ సందు అవ్వ కోసమన్నావు కదా," అన్నాను.

"ఇప్పుడు సామికి జవాబు చెప్పేది నేనే కదా," అంది అమ్మ. కంచం తీసుకొచ్చి సందు మొదట్లో పెట్టింది.

రెండువేల సంవత్సరం దాటాక నాయనకు విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లులో వాచ్‌మన్ పని దొరికింది. అక్కడా ఒంటి గది అద్దె ఇల్లే, అక్కడా ఒక సందు. నేను మిల్లుకు వెళ్లి పప్పు చెరిగేదాన్ని. ఊరి చివర, రైలు పట్టాలకు అవతల, నాయన కాస్త జాగా కొన్నాడు. ముగ్గు వేసిన రోజు నన్ను వెంట తీసుకెళ్లాడు. నేల మీద సుద్దపొడితో గీతలు. "ఇది వాకిలి, ఇది వంట, ఇది నీ రూము," అని ఒక్కో గీత మీదుగా నడిచి చూపించాడు. నేను నా గీతల మధ్య నిలబడ్డాను. తూర్పున కిటికీ కావాలన్నాను. రైళ్లు కనబడతాయని. సరేనన్నాడు.

ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే బంధువు ఒకాయన సిమెంటుకు సాయపడ్డాడు. గోడలు కిటికీ ఎత్తుకు లేచాక ఒక మధ్యాహ్నం మేస్త్రీకి టీ తీసుకెళ్లాను. నా రూము అన్న తూర్పు గదిలో గోడకు గూడు కడుతున్నాడు. ఎందుకని అడిగితే, సామి రూముకు గూడు లేకపోతే ఎలా అని తమిళంలో నన్నే ఎదురడిగాడు.

నాయన ఇసుక కుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అడగకముందే ఆయనే మొదలుపెట్టాడు. "పెట్టెకు ఒక చోటు కావాలి కదా పాపా. సొంతిల్లు కట్టి సామిని పలక మీద పెట్టినామంటే నలుగురూ ఏమంటారు? నువ్వు రేపు కల్యాణమై పోయేదానివి." ఆయన నా మొహం చూడలేదు. నేను టీ గ్లాసులు తీసుకుని వచ్చేశాను. దారి పొడవునా ఏడ్చాను, కోపంతోనే.

కొత్తింట్లో పాలు కాచే రోజు వచ్చింది. పల్లెల నుంచి చుట్టాలు వచ్చారు. మా మేనత్త శ్రీవిల్లిపుత్తూరు నుంచి పాలకోవా డబ్బాలతో, కూతురితో దిగింది. మా వాళ్లలో ఇంటి పెద్దకూతురు దీపం పట్టుకుని ముందు గడప దాటాలి. ఆమె వెనక దేవర పెట్టె, ఆ తర్వాత పాలు. తెల్లవారి తయారవుతుండగా నేను బయట చేరాను.

అద్దె ఇంటి సందులో నిలబడి అమ్మను పిలిచి చెప్పాను. అమ్మ మొహం పాలిపోయింది. ముందూ వెనకా చూసింది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది. అన్నేళ్లలో ఆ మూడు రోజుల్లో ఆమె నన్ను తాకడం అదే మొదటిసారి.

"ఎవురికీ చెప్పొద్దు," అంది గొంతు తగ్గించి. "తలకు పోసుకొని పట్టుచీర కట్టుకో. ఏం కాదు."

"ఏం కాదా?"

"ఈ ఒక్కదినమూ ఏం కాదు. మన కష్టం సామికి తెలీదా?"

సామికి తెలుసట. లెక్కల పరీక్షకు ముందు ఆ సామికి తెలియలేదు. సందులో మోకాళ్ల దాకా వాన నీళ్లు వచ్చినప్పుడు తెలియలేదు. ఏం కాదు అన్న మాట ఇన్నేళ్లూ అమ్మ నోట్లోనే ఉంది. చుట్టాల ముందు పరువు కోసం దాన్ని బయటికి తీసింది. పుస్తకం కోసం తీయలేదు.

తలకు పోసుకున్నాను. పాత చీరే కట్టుకున్నాను. కొత్తింటి ముందు అందరూ నిలబడి ఉండగా వెళ్లి వీధి మధ్యలో ఆగాను. మేనత్త దీపం అందించబోయింది.

"నేను దూరం," అన్నాను, అందరికీ వినబడేలా. "దీపం ఇంకెవురికైనా ఇవ్వండి."

నాయన తల దించుకున్నాడు. మేనత్త కూతురు దీపం తీసుకుని గడప దాటింది. నాయన నెత్తిన దేవర పెట్టె లోపలికి పోయింది. నేను మిగిలిన ఇసుక కుప్ప మీద కూర్చున్నాను.

పాలు పొంగాక అమ్మే ఒక గ్లాసు తెచ్చి నాకు రెండడుగుల దూరంలో నేల మీద పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తల్లి మీద ఇంత పంతమా నీకు?" అంది.

"మూడు దినాలు కదా అమ్మా," అన్నాను. "అంతలో ఇల్లు యాడికీ పోదు."

ఆమెకు ఆ మాట గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తుండాలనే అన్నాను. అన్నాక కాసేపు గెలిచినట్టే అనిపించింది. లోపల అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. నా ఆకు వీధిలోకి వచ్చింది.

నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి వెళ్లాను. తూర్పు గది మా కోవిల్‌పట్టి ఇంటికన్నా కాస్త పెద్దదే. గూట్లో పెట్టె ఒక్కటే ఉంది. ఏడాది తిరక్కుండా నాకు పెళ్లయింది. ఆ గదిలో నేను ఒక్కరోజు కూడా పడుకోలేదు. కిటికీ మాత్రం నేను అడిగిన చోటే పెట్టించాడు నాయన. పెట్టె మీద ఎండ పడకూడదని అమ్మ దాన్ని ఎప్పుడూ మూసే ఉంచుతుంది.