చిన్నమ్మ ఎవరినీ ముట్టనివ్వని నీళ్లు

మా చిన్నమ్మ పోయింది. ఈ మాట రాసి, లేచి, వాకిట్లోకి వెళ్లి వచ్చాను. కూర్చుని ఆమె గురించి రాయడం నాకు చేతకావడం లేదు. ఆమె కూర్చునే మనిషి కాదు.

ఆ మధ్యాహ్నం నేను పత్తికొండలో ఉన్నాను. టమోటా మార్కెట్ దగ్గర ఒక దుకాణంలో మా ఫినాయిలు సరుకు దింపిస్తున్నాను. చిన్నాయన ఫోన్ చేశాడు. ఆయన గొంతు గుసగుసను మించి రాదు. లారీల రొదలో ఒక్క ముక్కా తెలియక దుకాణం వెనక్కి పరుగెత్తాను.

"మీ చిన్నమ్మ అన్నం తిని పండుకునింది పాపా," అన్నాడు. "ఇంగ లేయలేదు."

నా మనసు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. చిన్నమ్మ పగటిపూట పడుకుందా? గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పిన సంగతి ఆ తర్వాత తెలిసింది. బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కర్నూలు దాకా నిలబడే వచ్చాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. కల్లూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో ఆమె, చిన్నాయన కలిసి ఫినాయిలు, బాత్‌రూములు కడిగే యాసిడ్, గచ్చు తుడిచే ద్రావకాలు తయారు చేసేవాళ్లు. నేను బడికి పోయే రోజుల్లో మొదలుపెట్టారు. చదువు అయ్యాక నేనూ వాళ్ల దగ్గరే పనిలో చేరాను. యాసిడ్ పెద్ద పెద్ద క్యాన్లలో వచ్చేది, దానిలాగే ఒంటిని కాల్చే కాస్టిక్ సోడా సంచుల్లో వచ్చేది. ఏది ఎక్కడ పెట్టాలన్న పట్టింపు అప్పట్లో ఎవరికీ లేదు. చోటు దొరికిన దగ్గర పెట్టేవాళ్లు.

ఒక ఎండాకాలం చిన్నమ్మ, మిగిలిన కాస్టిక్ నీళ్లను ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టింది. పారబోయడం ఎందుకు, రేపటికి పనికొస్తుందని. చిన్నాయన ఆత్మకూరులో సరుకు వేసి, ఎండన పడి బండి మీద వచ్చాడు. సీసా అందుకుని ఎత్తి తాగాడు. ఒక్క గుక్క. కాస్టిక్ నీళ్లు చూడటానికి మామూలు నీళ్లలాగే ఉంటాయి.

పక్క షెడ్లవాళ్లు వచ్చి వాంతి చేయించాలని ఉప్పునీళ్లు తాగించారు. కాలిన దారే మళ్లీ కాలిందని, వాంతి చేయించకుండా ఉండాల్సిందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. చిన్నాయన బతికాడు. గొంతు సన్నబడిపోయింది. ఇప్పటికీ జావ, మెత్తగా పిసికిన అన్నం తప్ప దిగదు.

చూడటానికి వచ్చినవాళ్లు అడగకముందే చిన్నమ్మ చెప్పేది, "నేనే పోసి పెట్నా." చిన్నాయన చేయి ఊపి ఆ మాటను తోసేసేవాడు. ఎన్నో ఏళ్ల తర్వాత నేను కదిలిస్తే, "చూసి తాగాల్సింది నేను గదా పాపా," అన్నాడు. ఆ సంగతి గురించి అంతకుమించి ఆయన నోట నేను వినలేదు.

ఆ రోజు నుంచి చిన్నమ్మకు కాలు నిలవలేదు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచేది. పెళ్లిళ్లలో పందిరి గుంజ దగ్గర నిలబడేది. ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగా లేచి షెడ్డుకు పోయేది. పాస్టరు కూడా అలవాటు పడిపోయాడు. ఒకసారి వెంటపడి అడిగాను, యాడికి పోతాండావు చిన్నమ్మా అని.

"ప్రభువు యాడికీ పోడు పాపా. మూత సరిగ్గా పెట్నానో లేదో చూసొస్తా."

షెడ్డు కూడా ఆమెతో పాటే మారింది. యాసిడ్‌కు ఒక గది, గోడ కట్టి అవతల కాస్టిక్‌కు ఇంకొకటి. బ్లీచింగ్ పౌడరును ఆ ఛాయలకే రానివ్వలేదు. దానికి యాసిడ్ తగిలితే ఊపిరి ఆపే గాలి పుడుతుంది. క్యాన్లన్నీ నేల మీదే, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్లలో ఉండేవి. కారితే ఆ తొట్టిలోనే ఉండాలని. సీసా మీద పేరు లేకపోతే లోపల ఏముందో తెలిసినా సరే, పక్కన పెట్టించేది. పైన అరలు కొట్టిద్దామని చిన్నాయన అంటే ఒప్పుకోలేదు. "పడితే కాళ్ల మీద పడాల, మొగం మీద కాదు," అనేది. తాగే నీళ్ల సీసాతో గడప దాటడానికి ఎవరికీ వీల్లేదు. దుకాణదారులు వచ్చినా చేతిలోంచి లాక్కుని బయట బల్ల మీద పెట్టేది. కొందరు చిన్నబుచ్చుకునేవాళ్లు.

యాసిడ్ గదికి తాళాలు నిలిచేవి కావు. యాసిడ్ ఆవిరికి ఇనుము తుప్పుపట్టి రాలేది. ఒకటి నా అరచేతిలో పెట్టి, "తాళమే ఇట్లయింది. మన లోపల ఎట్లుంటాదో చూడు," అంది. ఆ వారమే మేస్త్రీని పిలిపించి గోడలకు గాలి కంతలు పెట్టించింది.

అన్నింటికంటే ఎక్కువ తగాదా తెచ్చింది నీళ్ల తొట్టి. యాసిడ్ గది తలుపు పక్కనే ఎత్తు మీద సిమెంటు తొట్టి కట్టించి, దాని అడుగున కొళాయి పెట్టించింది. ఎండకు నీళ్లు కాగకుండా పైన చప్పరం వేయించింది. ఆ తొట్టి ఎప్పుడూ అంచుదాకా నిండి ఉండాలి. ఎవరూ ముట్టకూడదు. మా వైపు ఎండాకాలంలో ఇది వినడానికే తప్పుగా ఉంటుంది. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం ఆడవాళ్లు బిందెలు వరస పెట్టిన ఏడాది, మా దగ్గర పనిచేసే మస్తానమ్మ ఆ తొట్టి ముందు నిలబడి అడిగేసింది.

"ఇంట్లో బిందెలు బోర్లించి ఉండాయక్కా. ఈ నీళ్లు ఎవరికని దాచిపెట్నావు?"

"ఎవరికో తెల్దు మస్తానమ్మా. ఎవరికీ పనికి రాకుంటే శానా మంచిది."

"నీది గుండె కాదక్కా, బండ."

చిన్నమ్మ ఇంటికి వెళ్లి, తాము తాగడానికి పట్టుకున్న నీళ్ల క్యానును మస్తానమ్మ ఇంటికి పంపించింది. తొట్టిలోంచి చెంబెడు కూడా ఇవ్వలేదు. మస్తానమ్మ ఆ క్యాను తీసుకుంది గానీ మాట్లాడటం మానేసింది.

ఆ ఎండల్లోనే జరిగింది. క్యాను లోపల ఆవిరి బిగిసిపోయినట్టుంది, మస్తానమ్మ మూత తిప్పగానే యాసిడ్ ఎగజిమ్మి ఒక కంట్లో పడింది. పనిలో కళ్లకు అడ్డంగా పెట్టుకోవాల్సిన అద్దాలను చెమటకు నెత్తి మీదికి జరుపుకుని ఉంది. ఆమె కేక విని నేను లేచేలోపే చిన్నమ్మ ఆమెను రెక్క పట్టుకుని కొళాయి కిందికి ఈడ్చింది. తల వంచి, రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని, నీళ్లు వదిలింది. మస్తానమ్మ తన్నింది, గింజుకుంది. ఆమె పెనిమిటి పక్క షెడ్డు నుంచి ఆటో తెచ్చి అరిచాడు.

"ఆస్పత్రికి తీస్కపోదాం, వదులు."

"నీళ్లు ముందప్పా. ఆస్పత్రి యాడికీ పోదు."

అతను చిన్నమ్మ భుజం పట్టి లాగాడు. ఆమె కదల్లేదు. తొట్టి సగానికి పైగా దిగేదాకా ఆ కన్ను నీళ్ల కిందే ఉంది. ఆ కాసేపు చిన్నమ్మ ఒకే చోట నిలబడింది. అంతసేపు ఆమె కదలకుండా ఉండటం నేను మళ్లీ చూడలేదు.

కన్ను నిలిచింది. రెప్ప మీద చిన్న మచ్చ మిగిలింది. వెంటనే కడగబట్టే దక్కిందని డాక్టరు చెప్పాడు. అందరూ చిన్నమ్మను పొగడబోతే ఆమెకు చిరాకు వచ్చింది. "క్యాన్లు ఎండపూట తెరవనిచ్చింది నేనే గదా," అని తిరుగుతూనే ఉంది. మరుసటి రోజు నుంచి మూతలు తీసే పని తెల్లవారి చల్లటి వేళకు మార్చింది. మస్తానమ్మ తిరిగి వచ్చిన రోజు ఇద్దరూ కలిసి తొట్టి నింపారు.

ఆమెలో ఆ గుబులు తగ్గుతుందేమోనని నేను చాలాకాలం ఎదురుచూశాను. తగ్గలేదు. ఇప్పుడనిపిస్తోంది, దాన్ని తగ్గించుకోవాలని ఆమె అనుకోలేదేమో. మేమంతా స్థిమితంగా అన్నం తింటుంటే, మా వంతు గుబులు కూడా ఆమే మోసింది. అందుకు ఆమెకు ఒక్క మంచిమాట చెప్పిన గుర్తు నాకు లేదు. కూర్చో చిన్నమ్మా, కూర్చో అని విసుక్కోవడమే గుర్తుంది.

మట్టి చేసి వచ్చాక షెడ్డు తెరిచాం. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లు రబ్బరు గ్లౌజులన్నీ తెచ్చి కడిగి, లోపలి వైపు బయటికి తిప్పి, షెడ్డు ముందు తీగ మీద వరసగా ఆరేశారు. మస్తానమ్మ ఒక్కొక్కదానికీ క్లిప్పు పెట్టింది. మధ్యాహ్నానికి వేడిగాలి లేచింది. వేళ్లు ఒక్కొక్కటే ఉబ్బి, నిక్కి, మళ్లీ వాలిపోతున్నాయి. గాలి నిలిచినట్టే నిలిచి మళ్లీ వచ్చేది. తీగ పొడుగునా అన్ని చేతులూ ఒక్కసారిగా లేచేవి.