సాయిలు సైకిలు వెనక చక్రం

మా చిన్నప్పుడు... మా సాయిలును ఒక ఒంటికన్ను ట్రాక్టరు చంపింది. దాన్ని రోడ్డు మీదికి తోలించింది చెరుకు బండ్ల కాంట్రాక్టరు. తప్పు సాయిలుదే అని ఊరందరి ముందు చెప్పింది కూడా ఆ కాంట్రాక్టరే. ముందు ఈ మాట రాసి పెడుతున్నా... మిగతా జ్ఞాపకాలు తర్వాత.

ఒంటికన్ను అంటే, రెండు హెడ్‌లైట్లలో ఒకటే వెలిగే బండి. మా చందూర్ దిక్కు చెరుకు కోతలు మొదలైతే బోధన్ తోవంతా అవే. ఎదురుగా వస్తుంటే మోటారు సైకిలు అనుకుంటాం. మీదికి వచ్చాక గానీ వెనక ట్రాలీలు, పక్కలకు పొడుచుకొచ్చిన చెరుకు గడలు కనపడవు.

సాయిలు, నేను ఒకే తరగతి. వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, బీడీలు చేసేది. బడి విడిచాక ఆ బీడీల గంప సైకిలుకు కట్టుకుని కార్ఖానాలో అప్పజెప్పి రావడం వాడి పని. ఆ సైకిలుకు డైనమో లేదు. బ్రేకులంటే వాడి స్లిప్పర్లే.

ఒకసారి నిజామాబాద్ పోయినప్పుడు రేడియోలు బాగుచేసే దుకాణంలో ఎల్‌ఈడీలు కొన్నాం... కందిగింజంత బుడ్డ లైట్లు, కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి. ఒక్కోదానికి రెండు కాళ్లు... ఒకటి పొడుగు, ఒకటి కురచ. పొడుగు కాలు సెల్లు బొడిపె వైపు కలపాలి. తిరగేస్తే వెలగదు. సాయిలు ఎప్పుడూ తిరగేసే కట్టేవాడు. "కుంటోడు మల్ల పండుకున్నడురా" అని నవ్వేవాడు.

పాత టెలిఫోను వైరు, పెన్సిల్ సెల్లులు, ట్యూబు రబ్బరు... ఇంతే సామాను. ముందు చక్రానికి సగం పుల్లలు ఊడిపోయి ఉన్నాయి. అందుకని లైట్లన్నీ వెనక చక్రానికి కట్టాం. గుర్తుపెట్టుకోండి... వెనక చక్రానికి.

మొదటిసారి, మసక పడే వేళ... సాయిలు తొక్కాడు, నేను రోడ్డు కింద కాలువ పారే మోరీ పిట్టగోడ మీద నిలబడ్డాను. చుక్కలన్నీ కలిసిపోయి ఒక ఎర్ర గాజు... దాని లోపల ఒక పచ్చ గాజు. మనిషి కనపడడు, సైకిలు కనపడదు. చెరుకు చేను పక్కన గాజులు రెండూ గాలిలో దొర్లుకుంటూ పోతున్నాయి.

తిరిగొచ్చాక ఎట్లుందని అడిగాడు. నేను చూసింది చెప్పేసరికి మొహం మాడ్చుకున్నాడు.

"ఎక్కినోనికి కనబడకపాయె. నువ్వు తొక్కు, నేను సూస్త."

అప్పటినుంచి ఆటంటే అదే... నేను తొక్కడం, వాడు చూడటం. కార్ఖానాకు పోయేటప్పుడు మాత్రం వాడే తొక్కాలి కదా... అప్పుడు నేను మోరీ మీద నిలబడి సాగనంపేవాణ్ణి.

ఆ రోజు కూడా నిలబడ్డాను. గాజులు పోతున్నాయి... ఎదురుగా ఒకటే లైటు. మోటారు సైకిలుకు ఎంత జాగా ఇవ్వాలో అంతే ఇచ్చి పక్కకు జరిగాడు సాయిలు.

అది మోటారు సైకిలు కాదు.

గాజులు ఒరిగిపోయాయి. నేను ఉరికేసరికి సైకిలు కాలువ గట్టు మీద పడి ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది... గాజులు తెగి గీతలయ్యాయి, గీతలు చుక్కలయ్యాయి. చక్రం ఆగినా చుక్కలు ఆరలేదు. మర్నాడు పొద్దున పెద్దమనుషులు వచ్చి రోడ్డు మీది నుంచే చూసి పోయేదాకా వెలుగుతూనే ఉన్నాయి. ఆర్పాలని ఎవరికీ తోచలేదు.

చావడి దగ్గర కాంట్రాక్టరు తీర్పు చెప్పినట్టు చెప్పాడు... "లైట్లు సూసుకుంట తొక్కిండు పోరడు. మా డ్రైవర్ ఏం జేస్తడు?" అందరూ తలలూపారు. ఒక్కరంటే ఒక్కరు ఆ సైకిలు దగ్గరికి పోయి, లైట్లు ఏ చక్రానికి ఉన్నాయో చూడలేదు. నేను చెబుదామని లేచాను. బాపు నా జబ్బ పట్టి కూర్చోబెట్టాడు.

"సప్పుడు జేయకు బిడ్డా. మన చెరుకు ఇంకా చేన్లనే ఉన్నది."

ఆ కాంట్రాక్టరు బండి పంపకపోతే మా చెరుకు నిలబడ్డచోటే ఎండిపోతుంది. తర్వాత నేను సంచులకొద్దీ రైతు కూలీ సంఘాల కరపత్రాలు చదివాను. భయం ఎక్కడ పుడుతుందో వాటిలో పేజీల కొద్దీ రాశారు. బాపు చెవిలో చెప్పిన ఆ ఒక్క మాటకు అవేవీ సరిరావు.

ఇప్పటికీ చెరుకు కోతల రోజుల్లో మసక పడితే... ఆ మోరీ దాటేటప్పుడు కంటి చివర్న ఏదో దొర్లుతుంది. ఎర్రగా... పచ్చగా... తల తిప్పి చూస్తే చేనే ఉంటుంది. నేరుగా చూస్తే కనపడదు.

మొన్న సాయిలు వాళ్ల అవ్వ దగ్గరికి పోయాను. ఆ చక్రం ఇంకా గోడకు వేలాడుతోంది. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఇన్నేళ్లకు అడిగింది...

"నిజం జెప్పు బిడ్డా. నా కొడుకు లైట్లనే సూసుకుంట పోయిండా?"

"వెనక చక్రం అవ్వా అది. ముంగటికి పోయేటోడు ఎట్ల సూస్తడు?"

చాట పక్కన పెట్టి లేచింది. గోడ దగ్గరికి పోయి చక్రాన్ని తడిమింది. "గంతేనా... గా ముచ్చట గప్పుడు ఎవలు జెప్పకపాయె" అంది. అన్నేళ్లూ ఆమె ఆ చక్రాన్నే తిట్టుకుంటూ బతికింది.

ఇప్పుడు చక్రాల లైట్లు తయారుగా దొరుకుతున్నాయి, కాళ్లు కలిపే పని లేదు. రోడ్డూ వెడల్పయింది. ఆ కాంట్రాక్టరు బండ్లు మాత్రం ఒంటికన్నుతోనే వస్తున్నాయి.

మీ తోవలో ఇట్లాంటి బండి ఎవరిని మింగిందో కింద రాయండి. రాసి ఊరుకోకండి... ఈ ఆదివారం సాయంత్రం ఐదున్నరకు మా మోరీ దగ్గరికి రండి, ఒంటికన్ను బండ్లకు అడ్డం నిలబడదాం. రెండో లైటు వెలిగితేనే బండి ముందుకు కదలాలి.

అవ్వ ఆ చక్రం నాకు ఇచ్చింది. నా సైకిలుకు ఎక్కించి కొత్త సెల్లులు వేశాను. అన్నీ వెలిగాయి... ఒక్కటి తప్ప. దాని కాళ్లు తిరగేసి కట్టి ఉన్నాయి.

దాన్ని అట్లాగే ఉంచాను.

ఆదివారం నేను తొక్కుతా. ఆ చక్రం వెలుగుతూ తిరగడం అవ్వ ఒక్కనాడూ చూడలేదు... ఆ వేళకు బీడీల మీద వంగి ఉండేది. ఈసారి మోరీ మీద నిలబడి చూస్తానంది.