డి మీద పడిన వేలు

మా నాన్న రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేరి, టైపిస్టుగానే రిటైరయ్యాడు. ఆ తర్వాత నీటికాసుల జబ్బు చూపును కొంచెం కొంచెంగా తినేసింది. ఇప్పుడు వెలుగు ఎటుందో తెలుస్తుంది, అంతే. ఈ బెంగాలీ ఊరి తాల్‌బగీచా పేటలోని మా ఇంట్లో గోడ తడుముకోకుండా వంటింటిదాకా వెళ్ళలేడు. కానీ కీబోర్డు ముందు కూర్చుంటే ఆ మనిషే వేరు. ఎఫ్, జె కీల మీద ఉండే చిన్న గీతలు చూపుడువేళ్ళకు తగిలితే చాలు, మిగతా అక్షరాలన్నీ ఎక్కడున్నాయో వేళ్ళకే తెలిసిపోతుంది.

నేను స్కూల్లో పాఠాలు చెప్పి ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది. అంతవరకూ నాన్నకు తోడు పాత పద్యనాటకాలు. ఒకప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్టేజి మీద ఇక్కడి తెలుగువాళ్ళు వేసినవే. క్యాసెట్లలో మగ్గిపోతుంటే నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. డి డ్రైవ్‌లో పెట్టి, ఎలా తెరవాలో చెప్పాను. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కాలి. డి, దాని పక్కన కోలన్, ఎంటర్. తర్వాత నాటకం పేరులో మొదటి అక్షరం, మళ్ళీ ఎంటర్. ఇంకోసారి చెప్పించుకుంటే ఒట్టు. మౌసంటే చూపున్నవాళ్ళ వ్యవహారమని దాని జోలికే పోడు.

ఈ మధ్య ఆ కంప్యూటర్ మరీ మొండికేసింది. ఆన్ చేసి, టీ పెట్టుకుని, తాగేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. గోల్‌బజార్లో రిపేర్లు చేసే బెంగాలీ దాదా దగ్గరికి మోసుకెళ్ళాను. ఆయన పాత డిస్క్ అలాగే ఉంచి, దానికి తోడు వేగంగా నడిచే కొత్త డిస్క్, ఎస్‌ఎస్‌డి వేసి, విండోస్ అందులోకి కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి మీట నొక్కితే ఇట్టే తెరుచుకుంది. మురిసిపోయాను.

మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో చడీచప్పుడూ లేదు. నాన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. నాటకం పెట్టుకోలేదేమని అడిగితే తలనొప్పన్నాడు. తర్వాతి రోజూ అంతే. ఆ పై రోజు, ఆ కంప్యూటరేదో నీ గదిలో పెట్టుకో, నాకెందుకు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీ కోసమే కదా అంత దూరం మోసుకెళ్ళి బాగుచేయించుకొచ్చింది, ఇప్పుడీ అలకేమిటని గట్టిగానే అడిగాను. నాన్న ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళు నలుపుకున్నాడు.

"సూపు పోయినా సేతులున్నాయి కదా అనుకున్నానమ్మా," అన్నాడు. "డి కొడితే ఏటీ రాలేదు. మళ్ళీ మళ్ళీ కొట్టినాను. నా వేళ్ళు అక్షరాలు మర్సిపోయినాయి."

నా కోపం ఎటు పోయిందో పోయింది. గబగబా వెళ్ళి డి తెరిచి చూశాను. ఖాళీ. నాటకాలన్నీ పోయాయనుకున్నాను. దాదాకు ఫోన్ చేసి కేకలేశాను. ఆయన తాపీగా, ఏదీ పోలేదు దీదీ, ఇ డ్రైవ్‌లో చూడండి అన్నాడు. కొత్త ఎస్‌ఎస్‌డిని రెండు భాగాలు చేశాడట. కొత్త విండోస్ ఆ రెండో భాగానికి డి అక్షరం ఇచ్చేసి, మా పాత డిస్క్‌ను ఇ చేసేసింది. నాటకాలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి.

అక్షరం మార్చడం పెద్ద పనేమీ కాదు. కాకపోతే డి అన్న పేరుతో ఒకటి ఉండగా ఇంకోదానికి ఆ పేరు ఇవ్వదు. రైల్వే క్వార్టర్లాగే, ఉన్నవాళ్ళు ఖాళీ చేస్తేనే ఇంకొకరికి అలాట్‌మెంట్. ముందు ఆ ఖాళీ భాగాన్ని ఎఫ్‌కు పంపాలి, అప్పుడు పాత డిస్క్‌ను డి చెయ్యాలి. నాన్నకు చెప్పకుండా మార్చేద్దామనే కూర్చున్నాను. రేపు తనే కొట్టుకుంటాడు, నాటకం వస్తుంది, సంతోషిస్తాడు. అంతలో చెయ్యి ఆగిపోయింది. నాటకమైతే వస్తుంది. కానీ ఇన్నాళ్ళూ తప్పు కొట్టింది తనేనని నమ్ముతాడు. ఇకముందు ఏది తెరుచుకోకపోయినా తన వేళ్ళనే అనుమానిస్తాడు.

ఏమీ మార్చకుండానే నాన్నను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను. ఎప్పటిలాగే కొట్టమన్నాను. వద్దంటే బతిమాలాను. కొట్టాడు. నేను కీబోర్డు మీదికి వంగి చూశాను.

"డి మీదే పడింది నాన్నా నీ వేలు. నేను చూసినాను. కంప్యూటరే పేర్లు మార్చేసింది."

జరిగినదంతా విడమర్చి చెప్పాను. చేసే ప్రతి పనీ పైకి చెబుతూ, పక్కనే కూర్చోబెట్టుకుని అక్షరాలు మార్చాను. అంతా విని, అయితే నా సేతులు బాగానే ఉన్నాయా అని అడిగాడు. బాగున్నాయన్నాను. నమ్మినట్టు లేదు. ఇప్పుడు నాటకం పెట్టుకోమంటే తల అడ్డంగా ఊపి, ఏదైనా చెప్పు, కొడతానన్నాడు.

నోటికొచ్చింది చెప్పాను. ఆఫీసులో పెద్ద సారుకు సెలవు కోసం పెట్టుకునే అర్జీ, ఇంగ్లీషులో, మర్యాదలేవీ తగ్గకుండా. నేను చెప్పినంత వేగంగానూ కొట్టాడు. అయ్యాక కూడా వేళ్ళు కీల మీద నుంచి తియ్యలేదు. స్క్రీన్ మీదున్నది చదివి వినిపిద్దామని నోరు తెరిచాను.

"ఆగు," అన్నాడు. "రెండో లైన్లో ఎస్ కొట్టబోయి ఏ కొట్టినాను. సూడు."

చూశాను. రెండో లైన్లో, ఎస్ ఉండాల్సిన చోట ఏ ఉంది. నువ్వు చెప్పిన చోటే ఉంది నాన్నా అన్నాను.