కమ్మీ వెనక తుప్పు

నంద్యాలలో మా వరండా స్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన కమ్మీలు బయటపడ్డాయి. సివిల్ ఇంజినీరింగ్ చదివి ఇంట్లో కూర్చున్నాను కదా, ఈ రోజైనా నాయన నన్ను లెక్కచేస్తాడని ఆశపడ్డాను. రిపేరుకు ఆళ్లగడ్డ నుంచి మస్తాన్ మేస్త్రీ, ఆయన కూతురు షబానా వచ్చారు. వాళ్లకంటే ముందు నేనే నిచ్చెనెక్కి, వైరు బ్రష్షుతో కమ్మీలు మెరిసేదాకా రుద్ది, "ఇంక తుప్పు పట్టని రంగు పూయండి" అని ప్రకటించాను.

షబానా ఎక్కి కమ్మీ వెనక సందులో వేలు పెట్టింది. ఎర్రబడిన వేలు నాకు చూపించింది.

"అక్కా, ముందర మాత్రమే గీకినావు. ఎనకాల తుప్పు అట్లనే ఉండాది. కమ్మీ సుట్టూ సిమెంటు చెక్కల్ల, లేకుంటే మళ్లా ఊడతాది."

"నాకు తెలుసు."

"తెలిసీ ఎందుకు చేయలేదక్కా?"

నిజంగానే తెలుసు. పరీక్షలో దీని మీద రెండు పేజీలు రాశాను!

సాయంత్రానికి ఆమె కమ్మీల చుట్టూ చెక్కి, రుద్ది, రంగు పూసింది. అది ఆరాక నాయన తలెత్తి అడిగాడు: "ఏం పాపా, ఇంక సిమెంటు పూయచ్చునా?"

నేనూ పక్కనే ఉన్నాను. ఆయన అడిగింది షబానాను.

నాలుగేళ్లు చదివింది ఆ ఒక్క ప్రశ్న నన్ను అడుగుతాడనే. కుళ్లుతో అన్నం కూడా సహించలేదు. మీ నాయనలు మిమ్మల్ని అడుగుతారా? నిజం చెప్పండి.