టైలరు బల్ల మీద అర్జీ

మూలకొట్టు టైలరుకు మెడలో టేపు లేకపోతే ఒంటి మీద చొక్కా లేనట్టే ఉంటుంది. ఆ కొట్ల వరుస పడగొట్టి ఇరవై అంతస్తులు లేపుతారన్న కబురు పుట్టింది మొదలు, వద్దంటూ కాలనీవాళ్లు రాసిన అర్జీ అతని బల్ల మీదే ఉంటోంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా పెద్ద కత్తెర బరువు పెట్టి, పెన్నుకు దారం కట్టి, వచ్చినవాళ్లకల్లా "ఇక్కడమ్మా, ఈ గడిలో" అని చూపించడం అతని పనైపోయింది. వాళ్లలో సగం మంది అతని చేత గుండీ కుట్టించుకుని కూడా ఏళ్లయింది. అయినా వాళ్ల నడుం కొలతలు అతనికి నోటికే వచ్చు, పెరిగిన సంగతీ కంటికి తెలుస్తూనే ఉంది.

నెల తిరిగాక, అర్జీ రాయించిన రిటైరైన మాస్టారు కాగితాల కోసం వచ్చారు. "అందరూ పెట్టేసినట్టేనా?"

"నేనే మిగిలాను మాస్టారూ," అంటూ టైలరు పెన్ను అందుకున్నాడు.

మాస్టారు నీళ్లు నమిలారు. "కాలనీలో ఇల్లున్నవాళ్ల సంతకాలే చెల్లుతాయటయ్యా. నీ ఇల్లు ఎక్కడో కదా."

ముప్పై ఏళ్లుగా ఆ ఇంటికి నిద్రకే వెళ్తున్నాడు టైలరు. కత్తెర తీసి, కాగితాల అంచులు కలిపి చేతికిచ్చాడు. పెన్నుకు కట్టిన దారం విప్పి, మళ్లీ రీలుకు చుట్టుకున్నాడు.