థ్రేల్ దొర ఉత్తరాలు రాసిన ఓబెడ్ పెక్

“అది మా పిల్ల చావమ్మా! మీ అబ్బాయిది కాదు.”

“గొంతు తగ్గించు పెక్. పక్కగదిలో మనిషున్నాడు.”

“ఉంటే ఉండనివ్వండి. శనివారం ఊరంతా చదవబోయేదాన్ని ఆ ఒక్కడి దగ్గర దాచడమెందుకు?”

“ఎవరి చావైతే ఏంటి? కింద సంతకం ఎవరిది? ఎవరార్డ్ థ్రేల్ అని లేదూ?”

“ఆ సంతకమూ నేను పెట్టిందేనమ్మా.”

పక్కగదిలో ఉన్నది అంబ్రోస్ హాల్. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు రెండో ఏట వదిలేసి, లండన్ వీధులన్నీ తిరిగి తిరిగి, చివరికి ఈ ఇంట్లో, చచ్చిపోయిన నటుడు థ్రేల్ ఉత్తరాలకు శుద్ధప్రతి రాసే పనికి కుదిరాడు. థ్రేల్ పోయి ఏడు నెలలు. మావారి ఉత్తరాలు ఎవరి దగ్గరున్నా పంపండి, జీవితచరిత్రలో వేసుకుని తిరిగి ఇచ్చేస్తామని భార్య పత్రికల్లో ప్రకటన వేయించింది. పేరున్నవాళ్లు ఎవరు పోయినా ఆ ఊళ్లో నడిచే తంతే. ఉత్తరాలు బుట్టలకొద్దీ వచ్చిపడ్డాయి.

మూడు వారాలుగా అంబ్రోస్ వాటిలో మురిక్కాలవలో దిగినట్టు దిగి ఉన్నాడు. దేశాన్నంతా ఏడిపించిన మహానటుడు సొంతంగా రాసినవేమిటయ్యా అంటే, గోడ మీది ప్రకటనలో తన పేరు నాయిక పేరు కన్నా జానెడు పెద్దగా ఉండాలని తగవు. తన మలబద్ధకం గురించి వైద్యుడికి నాలుగు పేజీలు. తన నటనను తానే పొగుడుకుని, దీన్ని మీ పేరుతో వేసుకోండని ఒక విమర్శకుడికి బతిమాలుకోలు. చదివినప్పుడల్లా లేచి వెళ్లి చేతులు కడుక్కోవాలనిపించేది.

ఒక్క కట్ట మాత్రం వేరు. యార్క్‌షైర్ సముద్రతీరంలో ఉండే తల్లికి వారం వారం రాసినవి. ఆవిడ పోయాక కట్ట కట్టినట్టే ఈ ఇంటికి చేరాయి. అందులో ఒకటి, పద్దెనిమిదేళ్ల కిందట నాలుగేళ్ల కొడుకు జ్వరంతో పోయిన రాత్రి గురించి. దానికి ప్రతి రాస్తూ అంబ్రోస్ నిజంగానే ఏడ్చాడు. ఛీ అనుకున్న మనిషిని ఆ ఒక్క ఉత్తరం కోసం క్షమించేశాడు కూడా. దొరసాని దాన్ని పుస్తకం మొదట్లో వెయ్యమంది. అంతకన్నా ముందే, ఈ శనివారం సంచికకు ఒక పత్రికవాళ్లకు ఇచ్చేసింది.

గోడ అవతల దొరసాని గొంతు మళ్లీ లేచింది.

“ఆ రాత్రి మా ఆయన లీడ్స్‌లో ఆట ఆడుతున్నాడని నాకు తెలీదనుకున్నావా? మంచం పక్కన ఉన్నది నేనొక్కదాన్ని. బిడ్డను మట్టి చెయ్యడానికి కూడా రాలేదు.”

“అన్నీ తెలిసి వేయిస్తున్నారా?”

“తెలుసు కాబట్టే వేయిస్తున్నాను. పుస్తకంలోనైనా నా బిడ్డకు తండ్రి ఉండొద్దూ?”

“అందుకు మా నాన్సీ కావలసొచ్చిందా?”

“నాన్సీని వాడుకున్నది నువ్వు. నేను కాదు. ఇక వెళ్లు.”

తలుపు తెరుచుకుంది. బయటికి దారి అంబ్రోస్ గదిలోంచే. లోపలికి వచ్చినవాడికి అరవై దాటి ఉంటాయి, నడుం వంగింది. వాడికన్నా ముందు వాడి వాసన వచ్చింది, ముక్కిపోయిన పందికొవ్వు వాసన. ఇరవై ఆరేళ్లు రోజూ థ్రేల్ ముఖానికి రంగు పూసి, ఆట అయ్యాక ఆ కొవ్వుతో తుడిచిన మనిషి ఓబెడ్ పెక్. లాంబెత్‌లో బట్టలుతికే ఆమె కొడుకు. నాలుగు అక్షరాలు ఆదివారం బడిలో నేర్చుకున్నాడు. దస్తూరి కుదురుగా ఉందని మొదట అభిమానులకు సంతకాలు పెట్టమన్నారు, ఆ తర్వాత దొర తల్లికి ఉత్తరాలు రాయమన్నారు.

“కూర్చోండి పెద్దాయనా,” అన్నాడు అంబ్రోస్. “కాదనలేకపోయారా?”

“కాదనాలని ఎప్పుడూ అనిపించలేదు బాబూ. నాకు బాగుండేది. ఆ ముసలమ్మ జవాబులు ఆయన విప్పేవాడు కూడా కాదు. నేనే చదువుకునేవాణ్ని. దగ్గు తగ్గిందా అని అడిగేది. దగ్గు నాదే.”

“మరి ఆ రాత్రి?”

“ఆట అయ్యాక, బాబు పోయాడని తంతి తెచ్చిచ్చారు. చదివి, అద్దం ముందు పెట్టి, ‘అమ్మకు రాయి పెక్, బాగా ఏడుపొచ్చేట్టు రాయి’ అన్నాడు. అని, తినడానికి ఆల్చిప్పలు తెప్పించుకున్నాడు. రంగు తుడవనివ్వలేదు. చిప్పల్లోని పచ్చి మాంసం జుర్రుకుంటుంటే ఆ నీళ్లు ఎర్రరంగుతో కలిసి గడ్డం మీదికి కారుతున్నాయి. నేను పక్కన కూర్చుని రాస్తున్నాను. ఏడుపొచ్చే మాటలు నాకెక్కణ్ణుంచి వస్తాయి? అంతకు రెండేళ్ల ముందే మా పిల్ల పోయింది. దాని చావునే, చివరి మాటలతో సహా రాశాను. పాప అన్నచోటల్లా బాబు అని పెట్టాను.”

 ఆ తిండి తిన్నవాడి మీద అంబ్రోస్‌కు అసహ్యమేసింది. ఆ మూతి చూస్తూ కూతురి ఆఖరి మాటలు కాగితం మీద పెట్టిన ఈ ముసలాడి మీదా వేసింది. వాటిని అందంగా దించి, కింద చక్కగా గీత గీసి మురిసిపోయిన తన మీద ఇంకా ఎక్కువ వేసింది.

“పత్రికాఫీసుకు వెళ్లి ఆపమని చెబుతాను,” అన్నాడు.

“పొద్దున్నే వెళ్లొచ్చాను బాబూ. సంతకం చూపించి నవ్వారు.” పెక్ టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాడు. “ఊరి సంగతి నాకు పట్టదు. మా ఆవిడ మార్తాకు చదువు రాదు. కానీ మా కింది వాటా అతను ప్రతి శనివారం వంటింట్లో పత్రిక పైకి చదువుతాడు, మేమంతా చుట్టూ చేరతాం. నాన్సీ చివర్లో ఏమందో మా ఇద్దరికే తెలుసు. మార్తా ఆ మాటలు తన కన్నతల్లికి కూడా చెప్పలేదు. ఇప్పుడు పదిమంది మధ్య, బంగాళాదుంపలు చెక్కుతూ, ఇంకెవడి కొడుకు నోటి వెంటో వింటుంది. ఎవరు అమ్ముకున్నారో దానికి ఆ క్షణమే తెలిసిపోతుంది.”

“ముందే చెప్పెయ్యండి మరి.”

“నాలుగు రోజులుగా నోరు తెరుస్తున్నాను. రావడం లేదు.”

గోడ అవతల దొరసాని టీ కోసం గంట కొట్టింది. పెక్ లేచి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, బల్ల మీది ప్రతిని వేలితో కూడా తాకకుండా చూపించాడు.

“మీరు రేపు మధ్యాహ్నం దీన్ని తీసుకుని మా ఇంటికి రండి బాబూ. మార్తాకు మొత్తం చదివి వినిపించండి. రాసింది ఎవరో కూడా మీరే చెప్పండి. నేను మెట్ల మీద కూర్చుంటాను.”