చెరకు తోటలో జాలర్లు

మొన్నామధ్య మా వీధి చివర మిగిలి ఉన్న ఆఖరి గాజు షెడ్డును కూడా పడగొట్టారు. న్యూజిలాండ్‌లో మేముండే ఈ టకానినిలో ఇప్పుడు జానెడు ఖాళీ నేల కనిపిస్తే చాలు, ఇళ్లు లేస్తున్నాయి. రైలుకు వెళ్తూ కంచె దగ్గర ఆగి, పనివాళ్లు పైకప్పు అద్దాలను దించుతుంటే చూస్తూ నిలబడిపోయాను. నా రైలు వెళ్లిపోయింది, దాని తర్వాతిదీ వెళ్లిపోయింది. ఇరవై ఏళ్ల నాడు, ఇక్కడికి దగ్గర్లోనే అలాంటి ఒక షెడ్డులో నేను టమాటాలు కోసేదాన్ని. ఆ రోజుల్లో నాలాగే స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఏదో ఒక డిప్లొమా అయిందనిపించుకుని, పీఆర్ కోసం, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతి కోసం, కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన వాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పనక్కర్లేదు.

మాది బందరు. ఎండలు ఎరగనిదాన్ని కాదు గాని, ఆ షెడ్డులోని ఉక్క వేరు. బయట స్వెట్టర్ వేసుకునే చలి ఉన్నా లోపల రోహిణీ కార్తె. అద్దాల్లోంచి మోటర్‌వే మీద పోయే కార్లు, అవతల పచ్చికలో మేసే గుర్రాలు అన్నీ కనబడుతూనే ఉండేవి. తలుపుకు తాళం ఉండేది కాదు. కాని నా వీసా మీద యజమాని పేరుంది. ఆ పని మానితే దేశమే వదలాలి. పాస్‌పోర్టు భద్రంగా ఉంటుందని ఆయనే తీసుకుని తన బీరువాలో పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడని ఒక్క మాటలో తేల్చెయ్యడం నాకు ఇప్పటికీ కష్టమే. గుంటూరు వైపు మనిషి. షెడ్డు వెనక ఉండడానికి గది ఇచ్చాడు, నెలనెలా బియ్యం వేయించేవాడు, ఉగాదికి వాళ్లింటి నుంచి పచ్చడి వచ్చేది. పీఆర్ మాటెత్తితే మాత్రం, “తొందరపడకు చెల్లెమ్మా, నెక్స్ట్ సీజన్‌కి నేనే వేయిస్తాగా,” అనేవాడు. ఆ సీజన్ ఎప్పుడూ వచ్చే ఏడాదే ఉండేది.

మావారు అప్పుడు ఎక్కడో దూరాన క్రైస్ట్‌చర్చ్‌లో, రిక్కార్టన్ అనే పేటలో నలుగురు కుర్రాళ్లతో ఒక ఫ్లాట్‌లో ఉంటూ చదువుకునేవారు. ఆయన సెలవులకు వచ్చి వెళ్లాక నేను గర్భవతినని తెలిసింది. పని కాస్త తేలిక చెయ్యమనో, ఆయన దగ్గరికి పంపమనో యజమానిని అడిగాను. కోతల మధ్యలో ఎలా కుదురుతుందమ్మా అన్నాడు. ఆ వారమే తీగల మధ్య కళ్లు తిరిగి పడిపోయాను.

నన్ను లేపి కుళాయి దగ్గరికి నడిపించి, తల మీద నీళ్లు పోసింది నా పక్క వరసలో పనిచేసే చైనా ఆవిడ. యాభైకి దగ్గరపడిన మనిషి, పెద్ద అంచుల టోపీ, ఎవరితోనూ మాట్లాడని నోరు. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే అయినా, మధ్యాహ్నం బోర్లించిన క్రేట్ల మీద కూర్చుని తిండి పంచుకునేంత చనువు మా మధ్య అప్పటికే ఏర్పడింది. నేను పడిపోయిన ఆ మధ్యాహ్నం తన డబ్బాలోని అన్నం నా చేత తినిపించి, ఎన్నడూ ఎవరికీ చెప్పని తన కథ చెప్పింది.

ఆంటీ వాళ్లు వియత్నాం తీరంలో తరతరాలుగా చేపలు పట్టి బతికిన చైనీయులు. వియత్నాంకూ చైనాకూ చెడినప్పుడు, మీరు ఇక్కడివాళ్లు కాదు పొమ్మన్నారట. ఎన్నడూ చూడని చైనాకు సరిహద్దు దాటి నడిచి వెళ్తే, అక్కడి ప్రభుత్వం కాదనలేదు. ఇల్లిచ్చింది, రేషనిచ్చింది, సముద్రపు గాలి సోకని కొండల మధ్య ఒక పెద్ద సర్కారీ తోటలో చెరకు కొట్టే పని ఇచ్చింది. తెడ్డు పట్టడం తప్ప ఎరగని ఆవిడ మామగారు కత్తి పట్టి గడలు నరుకుతుంటే, అక్కడి రైతులు చూసి నవ్వేవారట. అనుమతి లేకుండా ఎవరూ తోట దాటకూడదు.

“ఎవరూ కొట్టలేదు,” అంది ఆంటీ. “అన్నం పెట్టారు. వెళ్తామంటే మాత్రం, ఎక్కడికి, ఎందుకు అని అడుగుతారు. మా దగ్గర జవాబు ఉండేది కాదు.”

ఆవిడ కడుపుతో ఉందని తెలిశాక మామగారే నిర్ణయం తీసుకున్నాడట, పుట్టబోయే బిడ్డ చేతికి చెరకు కత్తి రాకూడదని. ఇంకొన్ని కుటుంబాలతో కలిసి తీరంలో ఒక పాత చెక్క పడవ కొన్నారు. పెళ్లికి వెళ్తున్నామని చెప్పి, చెరకు లారీల మీద కొద్దికొద్దిమందిగా బయటపడి, మంచు కమ్మిన ఒక ఉదయం అందరూ ఒడ్డున కలిశారు. ఎక్కారు. ఎక్కాక చూస్తే నీళ్లు పడవ అంచుకు వచ్చేశాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అప్పుడు ఆవిడ అత్తగారు లేచి, “నీళ్ల కుండ ఒడ్డునే మరిచిపోయాం, తెస్తా ఉండండి,” అని మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.

కుండ ఆంటీ కాళ్ల మధ్యనే ఉంది. ఆవిడ నోరు తెరిచేలోపే మామగారు గెడ వేసి పడవను తోసేశాడు. కొడుకు, అంటే ఆంటీ భర్త, దూకబోతే నలుగురూ పట్టుకున్నారు. అత్తగారు వెనక్కి తిరగకుండా, నిజంగానే ఏదో తెచ్చే మనిషిలా, ఒడ్డెక్కి మంచులోకి నడిచి వెళ్లిపోయింది.

“పడవ తేలింది,” అంది ఆంటీ. “ఒక్క మనిషి బరువు. అంతే తేడా.”

హాంకాంగ్‌లో దిగాక ఇంకో సంకటం. చైనా తోటల నుంచి వచ్చారని తెలిస్తే తిప్పి పంపేస్తున్నారట. అందుకని నేరుగా వియత్నాం నుంచే వచ్చామని చెప్పారు. అక్కడి శరణార్థుల క్యాంపులోనే కూతురు పుట్టింది. న్యూజిలాండ్ వచ్చాక కూడా, అత్తగారికి ఒక్క ఉత్తరం రాస్తే ఆ అబద్ధం బయటపడి అందరినీ వెనక్కి పంపేస్తారేమోనన్న భయం. మామగారు పోయేదాకా భార్య పేరు ఎత్తలేదట.

చెప్పడం అయ్యాక ఆంటీ డబ్బా మూత బిగించి నా వైపు చూసింది. “నువ్వు వెళ్తే ఇక్కడ ఎవరూ మిగిలిపోరు. మరి ఎందుకు ఆగావు?”

మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని యజమాని ఆఫీసు గదిలోకి వెళ్లి, ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని, ఈ అమ్మాయి పాస్‌పోర్టు ఇమ్మంది. ఆయన ఆవిణ్ని చూడకుండా తెలుగులో నా మీద పడ్డాడు. “ఏంటమ్మా ఇది? ఈ పని వదిలితే సీదా ఇండియాకే, తెలుసుగా? మీ ఆయన సంగతేంటో ఆలోచించుకున్నావా?” ఆంటీకి భాష తెలియకపోయినా గొంతు తెలిసింది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, “నేను ఇక్కడే కూర్చుంటా. సాయంత్రం దాకా. రేపు కూడా వస్తా,” అంది. ఫోన్లు మోగుతున్నాయి, బయట లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. చివరికి ఆయన బీరువా తెరిచాడు. పాస్‌పోర్టు బల్ల మీదికి తోస్తూ, “నీకు నేనేం తక్కువ చేశానమ్మా?” అన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. అందుకేనేమో, ఆంటీ కారెక్కాక కూడా షెడ్డు కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఆంటీ నన్ను ఊరికి అవతలి కొసనున్న హెండర్సన్‌లో కూతురి ఇంటికి తీసుకెళ్లింది. యజమానుల మీద ఇలాంటి ఫిర్యాదులు ఎక్కడ, ఎలా చెయ్యాలో తెలిసిన ఆ అమ్మాయి నా చేత ఒకటి పెట్టించింది. ఆ ఇంట్లో నేలమీద పరుపు వేసుకుని గడిపిన నెలలు తేలిగ్గా గడవలేదు. ఏ ఉత్తరం వచ్చినా ఇక పంపేస్తారనే అనుకునేదాన్ని. చివరికి వేరే చోట పనిచేసుకోమని అనుమతి వచ్చింది. మావారూ వచ్చేశారు. ఆ చలికాలంలోనే మా అమ్మాయి పుట్టింది.

మా అమ్మాయి బడిలో చేరిన ఏడు, ఆంటీ ఎట్టకేలకు ధైర్యం చేసి ఆ తోటకు వెళ్లి వచ్చింది. అత్తగారు అప్పటికే లేదు. పడవ మునిగి మావాళ్లంతా పోయారని ఆవిడ అధికార్లకు చెప్పిందట, ఎవరూ వెతక్కూడదని. అబద్ధం అబద్ధంలా కనబడకూడదని చనిపోయిన వాళ్ల పేర్లు చెక్కల మీద రాసి కొలిచే పీఠం కూడా ఇంట్లో పెట్టింది. పక్కింటివాళ్లు దాన్ని తీయకుండా అలాగే ఉంచారు. చెక్కల మీద భర్త పేరు, కొడుకు పేరు, కోడలి పేరు. పక్కన పేరేమీ రాయని చిన్న చెక్క ఒకటి.

“నా పేరు చూశాను,” అంది ఆంటీ. “ముందు అగరొత్తుల బూడిద. రోజూ అన్నం పెట్టేదట నాకు.”

ఆంటీ వెంట తెచ్చిన పేరు లేని ఆ చెక్కను కూతురు ఇప్పటికీ హాల్లో ఫోటోల పక్కన పెట్టుకుంది. ఆంటీ పోయి రెండేళ్లవుతోంది.

మా అమ్మాయి ఈ మధ్య ఒక కెఫేలో పని నచ్చక ఫోన్లో మెసేజ్ పెట్టి మానేసింది. మాటల్లో నా సంగతంతా చెప్పుకొచ్చాను. తెలుగు బాగానే అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అంతా విని, “బట్ అమ్మా, వై డిడంట్ యూ జస్ట్ లీవ్?” అంది. చెప్పబోయాను. అన్నం పెట్టిన చేతిని కాదని లేవడం గురించి, కనబడని గోడల గురించి ఏదో చెబుతూంటే, పూర్వకాలపు కథ వింటున్నట్టు ప్రేమగా తల ఊపింది. దానికి అర్థం కాలేదు. అర్థం కాకుండా బతకగలగడమే మేము దానికి ఇవ్వగలిగిన ఆస్తి అనుకుని సంతోషించాను కూడా. కాని ఆ ఉక్క ఎలాంటిదో చెప్పకుండానే తెలిసిన మనిషి ఈ దేశంలో నాకు ఒక్కతే ఉండేది, ఆవిడా వెళ్లిపోయింది.